పొట్టిదయ్యే కొండ, జైలుకు పంపే కొండ!

పెన్నూ పేపరూ అక్కర్లేదు. మార్కులు అసలే లేవు. యూరప్‌లో సుమారు 1,200 కిలోమీటర్ల పొడవునా పరుచుకున్న ఆల్ప్స్ పర్వతాల మీద వరసగా ప్రశ్నలొస్తాయి, వాటి వెనకే జవాబులూ వస్తాయి. మీ పనల్లా నోరెళ్లబెట్టడమే. సిద్ధమేనా?

ఆల్ప్స్‌లోకెల్లా ఎత్తైన మౌంట్ బ్లాంక్ పొట్టిదవుతోందని మీకు తెలుసా? 2007లో కొలిస్తే 4,810.90 మీటర్లు. 2021లో 4,807.81. 2023లో 4,805.59! కొండ నెత్తిన ఉన్నది మంచు టోపీ. గాలికీ ఎండకీ అది పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అందుకే రెండేళ్లకోసారి సర్వేయర్లు పైకెక్కి మళ్లీ కొలిచి వస్తారు. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ల కష్టం పగవాడికి కూడా వద్దు!

ఇంకో తమాషా. మంచు కింద దాక్కున్న అసలు రాతి శిఖరం ఎత్తు 4,792 మీటర్లే. అదైనా మంచు శిఖరానికి నేరుగా కింద లేదు, దాదాపు 40 మీటర్లు పక్కకు ఉంది. అంటే శిఖరం మీద నిలబడి ఫొటో దిగిన వాళ్లందరూ నిజానికి శిఖరం పక్కన నిలబడ్డారన్నమాట!

ఈ కొండ ఎక్కినవాళ్లకు బహుమతి ఇస్తానని సోసూర్ అనే జెనీవా శాస్త్రవేత్త 1760లోనే ప్రకటించాడు. ఆ బహుమతి ఎన్నేళ్లు ఎదురుచూసిందో మీకు తెలుసా? 26 ఏళ్లు! చివరికి 1786 ఆగస్టు 8న పక్కార్ అనే డాక్టరు, బల్మా అనే స్ఫటికాల వేటగాడు శిఖరం చేరారు. సోసూర్ కూడా ఊరుకోలేదు. మరుసటి ఏడాది 18 మంది గైడ్లను వెంటేసుకుని తనే ఎక్కేశాడు.

మౌంట్ బ్లాంక్ ఎక్కిన మొదటి మహిళ ఎవరో మీకు తెలుసా? రాణి కాదు, దొరసాని కాదు. మారీ పారడీ అనే పనిమనిషి, 1808లో! రెండో స్థానం హెన్రియెట్ దాంజెవిల్‌ది, 1838లో. శిఖరం మీద ఆవిడను గైడ్లు తమ భుజాల మీదికి ఎత్తారు. ఎందుకంటారా? కొండ కంటే కూడా ఎత్తుకు వెళ్లాలిగా మరి!

అదే శిఖరం మీద స్నానాల తొట్టి పెట్టారని మీకు తెలుసా? 2007లో ఓ స్విస్ మిత్రబృందం వేడినీళ్ల టబ్బును ముక్కలుగా మోసుకెళ్లి, పైన బిగించి, అందులో జలకాలాడింది. 2019లో ఒక బ్రిటిష్ మాజీ సైనికుడు జిమ్‌లో పడవ తెడ్లు లాగే యంత్రాన్ని భుజాన వేసుకుని బయల్దేరాడు. మోయలేక దారిలోని గుడిసెలో వదిలేసి దిగిపోయాడు. పైన మంచు, కింద మేయర్‌గారి కోపం!

ఆ మేయర్‌గారి సంగతి విన్నారా? సాన్ జెర్వే ఊరి మేయర్ 2022లో ఓ ప్రతిపాదన పెట్టారు. సరైన సామగ్రి లేకుండా కొండెక్కాలనుకునే వాళ్లు ముందుగా 15,000 యూరోలు డిపాజిట్ కట్టాలన్నారు. అందులో 10,000 ప్రమాదంలో కాపాడే ఖర్చుకు. మిగతా 5,000? అంత్యక్రియలకు! ఇంతకంటే సూటిగా హెచ్చరించిన అధికారిని ఎక్కడైనా చూశారా?

ఆల్ప్స్ ఎన్ని దేశాల్లో ఉన్నాయో చెప్పండి చూద్దాం. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, ఇటలీ, ఆస్ట్రియా అనగానే ఆగిపోయారు కదూ? జర్మనీ, స్లొవేనియా, లీచ్‌టెన్‌స్టైన్ కూడా కలపండి. ఎనిమిదోది మొనాకో! అవును, కారు పందేలకూ కేసినోలకూ పేరుపడ్డ సముద్రపు ఒడ్డు మొనాకోనే. అక్కడ కూడా కొండ తోక తగులుతుంది.

కొలంబస్ అమెరికా చేరిన 1492లోనే మరో సాహసం జరిగిందని మీకు తెలుసా? నిట్టనిలువు గోడల్లాంటి మౌంట్ ఎగీను చూసిన ఫ్రాన్స్ రాజు ఎనిమిదో చార్లెస్, 'దాన్ని ఎక్కి తీరాలి' అని హుకుం జారీ చేశాడు. కోటలను పట్టే సేనాని ఆంత్వాన్ ద వీల్ నిచ్చెనలూ తాళ్లూ పట్టుకెళ్లి, కోట ముట్టడించినట్టే కొండను ముట్టడించాడు. పైన ఏముంది? చక్కటి పచ్చికబయలు, మేస్తున్న కొండజింకలు! మళ్లీ ఇంకొకరు ఆ కొండెక్కింది 1834లో. మూడు శతాబ్దాల పైచిలుకు ఆ జింకల జోలికి ఎవరూ పోలేదన్నమాట.

కొండెక్కినందుకు జైల్లో పెట్టే ఊరు ఉండేదని మీకు తెలుసా? లూసెర్న్ ఊరి పక్కన పిలాటస్ కొండ. ఏసుకు శిలువ వేయించిన పిలాతు ప్రేతం అక్కడి చెరువులో ఉందనీ, కదిలిస్తే తుఫాను వస్తుందనీ జనం నమ్మకం. 1387లో ఆరుగురు మతగురువులు ఆ కొండెక్కబోయి కటకటాల వెనక్కి వెళ్లారు. పాపం, దెయ్యాన్ని వదిలించాల్సిన వాళ్లే దెయ్యం కేసులో ముద్దాయిలు!

ఇప్పుడు అదే కొండ మీదికి టిక్కెట్టు కొని రైల్లో వెళ్లొచ్చు. 1889 నుంచి నడుస్తున్న ఆ పళ్లచక్రాల రైలు, ఆ తరహా రైళ్లలో ప్రపంచంలోనే అత్యంత నిటారైనది. వాలు 48 శాతం. అయితే ఇది కూడా తలవంచాల్సిన రైలు ఒకటుంది. 2017 చివర్లో మొదలైన స్టూస్ కేబుల్ రైలు వాలు ఏకంగా 110 శాతం! పెట్టెలు గుండ్రటి పీపాల్లా ఉండి, రైలు నిక్కినా లోపలి నేల మాత్రం సమంగా ఉండేలా తిరుగుతాయి. చేతిలో కాఫీ కప్పుకు ఢోకా లేదు.

మ్యాటర్‌హార్న్ అంటే 4,478 మీటర్ల ఎత్తున స్విట్జర్లాండ్‌కు చిరునామాలాంటి శిఖరం. దాని పైభాగపు రాయి 'ఆఫ్రికా నుంచి వచ్చింది' అని మీకు తెలుసా? కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికా వైపు ఫలకం వచ్చి యూరప్‌ను గుద్దుకున్నప్పుడు, అటువైపు రాళ్లు ఇటువైపు వాటి మీదికి ఎక్కి కూర్చున్నాయి. వీసా లేకుండా యూరప్‌లో స్థిరపడ్డ రాయి ఇదొక్కటే కాదు గానీ, ఇంత పేరు తెచ్చుకున్నది మాత్రం ఇదే!

ఆ శిఖరాన్ని తొలిసారి గెలిచిన రోజే నలుగురిని పోగొట్టుకున్నారు. 1865 జులై 14న ఎడ్వర్డ్ వింపర్ బృందం ఏడుగురూ పైకి చేరారు. దిగేటప్పుడు ఒకరి కాలు జారింది, తాడు తెగింది, నలుగురు లోయలో పడ్డారు. వాళ్లలో లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్ దేహం ఈనాటికీ దొరకలేదు. ఆ తెగిన తాడు ముక్క మాత్రం జెర్మాట్ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. ఇక్కడ జోకుల్లేవు.

జెర్మాట్ అంటే గుర్తొచ్చింది. ఆ ఊళ్లోకి పెట్రోలు కార్లకు ప్రవేశం లేదని మీకు తెలుసా? ఎంత కోటీశ్వరుడైనా కింది ఊళ్లో కారు ఆపి రైలెక్కాల్సిందే. ఊళ్లో తిరిగేవన్నీ కరెంటు బళ్లూ గుర్రపు బళ్లూ.

మూడు మూలల టోబ్లెరోన్ చాక్లెట్ డబ్బా మీద మొన్నటిదాకా ఉన్న కొండ ఈ మ్యాటర్‌హార్నే. 2023లో ఆ బొమ్మ తీసేస్తున్నట్టు ప్రకటించారని మీకు తెలుసా? తయారీలో కొంత స్లొవేకియాకు మార్చేసరికి, స్విస్ గుర్తులు వాడుకునే హక్కు చట్టప్రకారం పోయింది. చాక్లెట్ ఊరు మారితే కొండకు ఉద్యోగం పోయింది! పాత డబ్బా మీ ఇంట్లో ఉంటే ఆ కొండ బొమ్మలోకి తేరిపార చూడండి. నిలబడ్డ ఎలుగుబంటి కనిపిస్తుంది.

అదే మ్యాటర్‌హార్న్ దగ్గర స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దు నడుస్తోందని మీకు తెలుసా? అక్కడ గీతను నిర్ణయించేది మంచు గట్టు. మంచు కరిగితే గట్టు జరుగుతుంది, గట్టు జరిగితే దేశం జరుగుతుంది. ఇటలీలో కట్టిన కొండసత్రం ఒకటి మెల్లగా స్విట్జర్లాండ్‌లోకి వెళ్లడం మొదలుపెట్టింది. 2023లో రెండు దేశాలూ కూర్చుని కొత్త గీత ఖాయం చేసుకున్నాయి. తూటా పేలలేదు, టీవీలో చర్చ కూడా జరగలేదు.

66 కొండలూ కనుమలూ ఎక్కి దిగిన ఆడకుక్క గురించి విన్నారా? పేరు చింగెల్. 1868లో ఓ గైడు తనను కుదుర్చుకున్న యాత్రికుడికి ఇచ్చిన బహుమానం. 1875లో మౌంట్ బ్లాంక్ కూడా ఎక్కేసింది! లండన్‌లోని ఆల్పైన్ క్లబ్ వాళ్లు దానికి గౌరవ సభ్యత్వం ఇచ్చారని చెప్పుకుంటారు. ఆ క్లబ్బులో ఆడవాళ్లకు చోటు దొరికింది మాత్రం 1970ల్లో. దాదాపు వందేళ్లు కుక్క తర్వాతే క్యూలో నిలబెట్టారన్నమాట. సిగ్గుచేటే!

ఐగర్ కొండ ఉత్తరపు గోడ ఎత్తు దాదాపు 1,800 మీటర్లు. 1938 జులైలో నలుగురు దాన్ని తొలిసారి ఎక్కినప్పుడు రోజుల తరబడి పట్టింది. 2015లో ఊలీ స్టెక్ ఒంటరిగా ఎంతసేపట్లో ఎక్కాడో మీకు తెలుసా? 2 గంటల 22 నిమిషాల 50 సెకన్లు! మన సినిమాలు దానికంటే పొడవు.

ఆ భయంకరమైన గోడకు కిటికీలున్నాయని మీకు తెలుసా? నిజంగానే! కొండ కడుపులోంచి రైలు వెళ్తుంది. 1896లో తవ్వడం మొదలుపెట్టి 1912లో పూర్తిచేశారు. కలగన్న పెద్దమనిషి అడోల్ఫ్ గూయర్ జెల్లర్ 1899లోనే పోయాడు. రైలు ఆగే యుంగ్‌ఫ్రావ్‌యోహ్ స్టేషను ఎత్తు 3,454 మీటర్లు, యూరప్‌లోకెల్లా ఎత్తైన రైల్వే స్టేషను. తవ్వేటప్పుడు మట్టి పారబోయడానికి పెట్టిన కంతలే తర్వాత కిటికీలయ్యాయి. బయట ఒకడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వేలాడుతుంటే, లోపల ఇంకొకడు శాండ్‌విచ్ తింటూ చూశాడన్నమాట!

యుంగ్‌ఫ్రావ్ రైల్వేలో ఒక రైలుకు హిందీ దర్శకుడు యశ్ చోప్రా పేరు పెట్టారని మీకు తెలుసా? కింద ఇంటర్‌లాకెన్‌లో ఆయన విగ్రహం కూడా ఉంది. ఇక 3,000 మీటర్లు దాటిన టిట్లిస్ కొండ మీద షారుఖ్, కాజోల్ అట్టబొమ్మలు నిలబడి ఉంటాయి, పక్కన నిలబడి ఫొటో దిగడానికి. అక్కడికి తీసుకెళ్లే రోప్‌వే క్యాబిన్ దారిపొడవునా గుండ్రంగా తిరుగుతుంది. 1992లో వచ్చిన ఆ తిరుగుడు క్యాబిన్ ప్రపంచంలో మొదటిది. చలిలో పల్చటి చీర కట్టుకుని డాన్సు చేసిన మన హీరోయిన్లకు మాత్రం ఇంకా ఎవరూ విగ్రహం పెట్టలేదు. నన్నడిగితే ముందు వాళ్లకే పెట్టాలి!

కొండ కింద 57 కిలోమీటర్ల సొరంగం! గొట్థార్డ్ బేస్ టన్నెల్, 2016 జూన్ 1న ప్రారంభం. ప్రపంచంలోనే పొడవైన రైలు సొరంగం. తవ్వగా వచ్చిన రాయి 2 కోట్ల 80 లక్షల టన్నులు. కొన్నిచోట్ల పైన 2,300 మీటర్ల మందాన కొండ! ఇంతకీ అసలు విశేషం మీకు తెలుసా? రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చిన దారులు 2010లో కలిసినప్పుడు తేడా అడ్డంగా 8 సెంటీమీటర్లు, నిలువుగా 1 సెంటీమీటరు. మా ఇంటి తలుపుకీ గడపకీ ఇంతకంటే ఎక్కువ తేడా ఉంది.

తొందర లేని ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కుతారా? జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్‌కు వెళ్లే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ తనను తానే 'ప్రపంచంలోకెల్లా నిదానమైన ఎక్స్‌ప్రెస్' అని గొప్పగా చెప్పుకుంటుంది. దారిలో 291 వంతెనలు, 91 సొరంగాలు, ప్రయాణం దాదాపు 8 గంటలు. మన దగ్గర ఇదే నిదానానికి రైల్వేవాళ్లను తిట్టుకుంటాం!

కొండకు కన్నం ఉందని, అందులోంచి సూర్యుడు గుడిని చూస్తాడని మీకు తెలుసా? స్విట్జర్లాండ్‌లోని ఎల్మ్ ఊరి పైన కొండగోడలో మార్టిన్ కన్నం. ఏడాదికి రెండుసార్లు, మార్చి నడుమ ఓసారి, సెప్టెంబరు ఆఖరున ఓసారి, ఉదయపు కిరణం ఆ కన్నంలోంచి దూసుకొచ్చి ఊరి చర్చి గోపురం మీద పడుతుంది. శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకినట్టే! అక్కడ గుడి కట్టినవాళ్ల లెక్క గొప్పది, ఇక్కడ కొండదే లెక్క.

ఎండ లేని ఊరు సూర్యుణ్ణి కొనుక్కుందని మీకు తెలుసా? ఇటలీలోని విగనెల్లా పల్లె లోయ అడుగున ఉంటుంది. కొండ అడ్డొచ్చి నవంబరు 11 నుంచి ఫిబ్రవరి 2 దాకా 83 రోజులు ఎండే పడదు. 2006లో ఎదుటి కొండ మీద 40 చదరపు మీటర్ల అద్దం బిగించారు. సూర్యుడు కదిలితే కంప్యూటరు అద్దాన్ని తిప్పుతుంది, ఎండ వచ్చి ఊరి నడిబొడ్డున పడుతుంది. వడియాలకు ఇంతకంటే ఖరీదైన ఎండ ఉండదు!

నిట్టనిలువు ఆనకట్ట గోడ మీద మేకలు నడవడం చూశారా? ఇటలీలోని చింజీనో ఆనకట్ట రాళ్ల మధ్య ఉప్పు ఊరుతుంది. ఐబెక్స్ అనే అడవి కొండమేకలు ఆ గోడెక్కి నాకుతూ తిరుగుతాయి. తాడు లేదు, హెల్మెట్ లేదు, పిల్లలు కూడా వెంటే!

ఈ మేకలు ఒకప్పుడు పూర్తిగా అంతరించబోయాయి. మిగిలిన వందో ఎన్నో ఇటలీలోని గ్రాన్ పారడీసో కొండల్లో ఉండేవి. రాజు రెండో విక్టర్ ఇమ్మాన్యుయేల్ 1856లో ఆ అడవిని తన సొంత వేటకు కట్టుదిట్టం చేశాడు. 'నేను తప్ప ఇంకెవరూ వేటాడకూడదు' అన్న ఆ దురాశే మేకలను బతికించింది. తర్వాత స్విట్జర్లాండ్ కొన్ని అమ్మమని అడిగితే రాజవంశం ససేమిరా అంది. అప్పుడు స్విస్ వాళ్లు ఏం చేశారో మీకు తెలుసా? 1906లో దొంగల చేత రాజుగారి మేకపిల్లల్నే ఎత్తుకు రప్పించారు! నేడు ఆల్ప్స్ అంతటా సుమారు 50,000 ఐబెక్స్‌లున్నాయి. అన్నీ ఆ గ్రాన్ పారడీసో మంద సంతానమే. దొంగసొత్తుతో పుణ్యం రావడమంటే ఇదే.

దేవుడికి పెట్టుకున్న మొక్కును తలకిందులు చేయడం ఎక్కడైనా విన్నారా? అలెచ్ హిమానీనదం ఆల్ప్స్‌లోకెల్లా పొడవైనది, 20 కిలోమీటర్ల పైమాట. ముంచేస్తోందని భయపడి కింది పల్లెల వాళ్లు 1678లో 'ఈ మంచు తగ్గేలా చూడు స్వామీ' అని మొక్కుకున్నారు. స్వామి ఆలకించాడు, కాస్త ఎక్కువగానే! మంచు కరిగిపోతుంటే బెంబేలెత్తి, 2009లో 'మొక్కు మార్చుకోవచ్చా' అని పోప్‌నే అడిగారు. అనుమతి వచ్చింది. ఇప్పుడు ప్రార్థన ఏమిటో తెలుసా? మంచు పెరగాలి!

మంచుకు దుప్పటి కప్పుతారని మీకు తెలుసా? రోన్ హిమానీనదంలో యాత్రికుల కోసం తొలిచిన గుహ కరిగిపోకుండా ప్రతి వేసవిలోనూ తెల్లటి దుప్పట్లు పరుస్తారు. చలికి కాదండోయ్, ఎండకి!

ఇటలీలోని డోలమైట్ కొండలు ఒకప్పుడు సముద్రం అడుగున పగడపు దిబ్బలు! మూడు వేల మీటర్ల ఎత్తున సముద్రజీవుల శిలాజాలు దొరుకుతాయి. సాయంత్రమైతే కొండలన్నీ గులాబీ రంగు తిరుగుతాయి. అక్కడి మర్మొలాడా మంచులో మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియా సైనికులు ఏకంగా ఓ ఊరే తొలిచారు. 12 కిలోమీటర్ల మంచు సొరంగాలు, అందులోనే పడకలూ వంటిళ్లూ! ఆ ఊరు ఇప్పుడు లేదు. కరిగిపోయింది.

5,300 ఏళ్ల నాటి హత్య కేసు గురించి మీకు తెలుసా? 1991 సెప్టెంబరు 19న ఓ జర్మన్ జంట కొండలో నడుస్తుంటే మంచులోంచి ఒక శవం కనిపించింది. ఎవరో ఈమధ్యే చనిపోయిన యాత్రికుడనుకున్నారు. తీరా చూస్తే రాగి గొడ్డలి పట్టుకు తిరిగిన కాలం మనిషి! పేరు ఓట్జీ అని పెట్టారు. ఒంటి మీద 61 పచ్చబొట్లు. ఆస్ట్రియా మాది అంది, ఇటలీ మాది అంది. కొలిస్తే సరిహద్దుకు 92.56 మీటర్లు ఇటలీ లోపల! పదేళ్ల తర్వాత ఎక్స్‌రేలో భుజంలో దిగిన బాణం ములుకు బయటపడింది. వెనక నుంచి కొట్టారు. 2013లో అదే వంశపు జన్యువులున్న 19 మంది మగవాళ్లు టిరోల్ ప్రాంతంలో దొరికారు. హంతకుడు మాత్రం ఇంకా దొరకలేదు.

మెడలో బ్రాందీ పీపా వేలాడే సెయింట్ బెర్నార్డ్ కుక్క బొమ్మ చూశారుగా? ఆ పీపా అబద్ధమని మీకు తెలుసా? 1820లో లాండ్‌సియర్ అనే చిత్రకారుడు ముద్దుగా ఉంటుందని బొమ్మలో పెట్టాడు, లోకం నమ్మేసింది! కుక్కలు మాత్రం నిజం. బ్యారీ అనే కుక్క 40 మందికి పైగా ప్రాణాలు కాపాడిందని ప్రతీతి. దాని దేహం బెర్న్ మ్యూజియంలో ఉంది.

ఆ కుక్కలకు పేరిచ్చిన సెయింట్ బెర్నార్డ్ కనుమను 1800లో నెపోలియన్ ముందుకాళ్లెత్తిన తెల్లగుర్రం మీద దాటినట్టు దావీద్ అనే చిత్రకారుడు బొమ్మ గీశాడు. నిజంగా ఎక్కింది ఏమిటో మీకు తెలుసా? కంచర గాడిద!

1966 జనవరి 24న ఎయిరిండియా విమానం మౌంట్ బ్లాంక్‌ను ఢీకొంది. అణుశాస్త్రవేత్త హోమీ భాభా సహా 117 మంది మరణించారు. అదే కొండను 1950లో కూడా మరో ఎయిరిండియా విమానం ఢీకొంది, అందులో 48 మంది. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసా? హిమానీనదం మెల్లగా కిందికి జారుతూ, మింగినవన్నీ ఒక్కొక్కటిగా తిరిగిస్తోంది. 2012లో భారత దౌత్యకార్యాలయాల ఉత్తరాల సంచి. 2013లో పచ్చలూ నీలాలూ ఉన్న పెట్టె. దొరికిన కుర్రాడు నేరుగా పోలీసులకు అప్పగించాడు. 2021లో ఆ రాళ్లను అతనికీ షమోనీ ఊరికీ చెరిసగం పంచారు. 2020లో చెక్కుచెదరని భారతీయ పత్రికలు బయటపడ్డాయి. పతాకశీర్షిక ఇందిరాగాంధీ ప్రధాని కాబోతున్నారని! విమానం కూలిన రోజే ఆమె ప్రమాణస్వీకారం.

నాలుగు వేల మీటర్లు దాటిన శిఖరాలు ఆల్ప్స్‌లో 82. వాటన్నిటినీ 2024లో కిలియన్ జోర్నెట్ ఎన్ని రోజుల్లో ఎక్కాడో ఊహించండి. 19! ఒక కొండ నుంచి ఇంకో కొండకు కారెక్కలేదు, నడక, పరుగు, సైకిలు. మనకు లిఫ్టు ఆగిపోతే వాచ్‌మన్‌ను పిలుస్తాం.

ఇక ఆఖరి ప్రశ్న, ఇది పందేనికి పనికొస్తుంది. యూరప్‌లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఏది? మౌంట్ బ్లాంక్ అన్నారా? ఓడిపోయారు! రష్యాలో, కాకసస్ పర్వతాల్లో ఎల్‌బ్రస్, 5,642 మీటర్లు. ఈ సాయంత్రమే ఎవరినైనా అడిగి చూడండి. పందెం మాత్రం ముందే కట్టించుకోండి!